హార్మోనియము: ముప్పదియొక్క యేండ్ల వెలి

వికారాబాదునుండి బీదరు మీదుగా పర్లి పోవు రైలుమార్గమున మర్పల్లి యొక స్టేషను. ఈ ప్రాంతపు పల్లెలలో భజన యన్నను, యక్షగాన మన్నను ముందుగా వెదకునది హార్మోని పెట్టెనే. అట్టి వాద్యమునకు 1940 మార్చి 1వ తేదీ మొదలు ఆలిండియా రేడియో స్టూడియోలలో ప్రవేశము లేకపోయినది. ఆ నిషేధము 1971 వరకు సాగినది. పల్లెజనులు నెత్తిన బెట్టుకొన్న వాద్యము విద్వాంసులకు ఏల వెగటయ్యెను? ఈ ప్రశ్నను శ్రోతలతో కలిసి విచారింతము.

హార్మోనియము మన దేశపు వాద్యము కాదు. 1840 ప్రాంతమున పారిసు నగరమున అలెగ్జాండ్ర్ దెబాఁ దీనిని రూపొందించెను. కాళ్లతో తొక్కి గాలినింపు ఆ బరువైన పెట్టెను మనవారు చేతితిత్తి గల చిన్న పెట్టెగా మార్చుకొనిరి. కలకత్తాలోని ద్వారకానాథ ఘోషు గారి ద్వార్కిన్ సంస్థ ఇందుకు ప్రసిద్ధికెక్కినది. నేలపై గూర్చుండి ఒక చేత తిత్తి నూదుచు, ఒక చేత మెట్లు నొక్కవచ్చును. మైకులు లేని ఆ దినములలో దీని ధ్వని పందిరి చివరివరకు వినవచ్చెడిది. తీగవాద్యములవలె మాటిమాటికి శ్రుతి చేయ నక్కరలేదు. 1885లో కడప మండలమున పుట్టిన సురభి సమాజము మొదలుగా మన నాటకములవారు దీనిని చేపట్టుటకు కారణము లివియే.

విద్వాంసుల ఆక్షేపణ రెండు విధములు. మొదటిది స్వరస్థానమును గూర్చినది. స్థాయి నంతను 1200 సెంట్లుగా లెక్కించినచో, హార్మోనియమున మెట్టుకు మెట్టుకు నడుమ సరిగా 100 సెంట్లుండును. తంబురాతో సహజముగా కలియు అంతర గాంధారము 386 సెంట్ల వద్ద నుండగా, పెట్టెలోనిది 400 వద్ద నిలుచును. పంచమమున భేదము 2 సెంట్లు మాత్రమే; అది చెవికి ఆనదు. గాంధారమున 14 సెంట్ల భేదము శిక్షితమైన చెవికి ములుకువలె తగులును. రెండవ ఆక్షేపణ గమకమును గూర్చినది. తోడి రాగమున గాంధారము ఒకచోట నిలుచునది కాదు, ఊగునది. మెట్టు నొక్కిన స్వరము పలుకును గాని ఊగదు.

1938లో ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత శాఖ నడపిన జాన్ ఫౌల్డ్సు ఈ లోపములను చూపి వ్యాసము వ్రాసెను. తన ఆశ్రమమున హార్మోనియమునకు చోటీయని రవీంద్రనాథ ఠాగూరు 1940 జనవరిలో కలకత్తా కేంద్రమువారికి లేఖ వ్రాసి దానిని తొలగింపుమని కోరిరి. రేడియో అధిపతియైన లయనెల్ ఫీల్డెన్ నిషేధించెను. నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో చేరిన పిదప హైదరాబాదు కేంద్రమును ఈ నియమపు నీడలోనికి వచ్చినది.

లోపమును దిద్దవలెనని యత్నించినవారును కలరు. క్లెమెంట్సు అను ఆంగ్లాధికారి, దేవలు గారు కలిసి 22 శ్రుతుల హార్మోనియమును 1911లో వెలువరించిరి. దానిని గూర్చి 1916 నాటి బరోడా సంగీత మహాసభలో వాదములు జరిగెను. ఆ పెట్టె వాడుకలో నిలువలేదు. మెట్ల సంఖ్య పెరిగినను, మెట్టునకు మెట్టునకు నడుమ జారుటకు దారి యేర్పడలేదు గదా!

అట్లని విదేశీయత దోషము కాదు. వయొలినుకు మెట్లు లేవు. అందుచేతనే ద్వారం వేంకటస్వామి నాయుడు గారి చేతిలో అది గాత్రమువలె పలికినది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మెట్లున్న మాండొలిను మీదనే తీగను లాగి గమకము పలికించిరి. జంటతీగలకు మారుగా అయిదు ఒంటితీగలు అమర్చుకొనిరి. వాయించువాని వ్రేలు స్వరమును కదల్పగలుగుటయే ముఖ్యము.

ఐనను నిషేధమువలన నష్టమే కలుగలేదని మేము చెప్పజాలము. మెట్టు ఊగదన్నది శాస్త్రము. ఆ శాస్త్రమును అడ్డుపెట్టి, జీవనమంతయు పద్యములకు, భజనలకు తోడుపోయిన వాద్యకారుని ముప్పదియొక్క యేండ్లు గుమ్మము వెలుపల నిలుపుట న్యాయమా? వాద్యపు లోపము నెన్నుట వేరు, వాద్యకారుని కూడు తీయుట వేరు.

నేడు హార్మోనియము స్థానమున ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చినవి. కొన్నిట తాళములు, తోడు వాద్యముల వరుసలు ముందే అమర్చియుండును. ఎడమచేతి వ్రేలు నొక్కినచో వాద్యబృంద మంతయు మ్రోగును. ధర హెచ్చినను మన గాయకులకు అవి తరచు పొసగవు. వానిలో హెచ్చుగా మూడు, నాలుగు మాత్రల నడకలే యుండును. మిశ్రచాపు ఏడు, ఖండచాపు అయిదు. పద్యమునకైతే తాళమే లేదు. గాయకుడు రాగము సాగదీసినచో వాద్యకారుడు ఆగవలెను. ఊపిరి తీసినచో ఆ సందు నింపవలెను. ఒక్కొక్క మెట్టును సెంట్ల లెక్కన సవరించు వీలు కొన్ని యంత్రములలో వచ్చినది. గాంధారపు తగవు అట్లు తీరవచ్చును. పాడువాని ఊపిరిని కనిపెట్టు పని మాత్రము ఇంకను వాద్యకారుని చెవిదే.