విజయనగరము కోటనేల



విజయనగరములోని మన విద్యార్థి వసతిగృహపు స్థలమును గూర్చిన ప్రశ్న ఈ మహాసభ యెదుటికి వచ్చియున్నది. వీధివైపు భాగమున అంగళ్లు కట్టించి అద్దెకిత్తమని కొందఱును, దాత యొసగినది చదువునకేగాని వర్తకమునకు గాదని కొందఱును వాదించుచున్నారు. మా యభిప్రాయమును చెప్పుటకు ముందు, ఈ యూరిలోనే యున్న మఱియొక నేల చరిత్రమును సోదరులకును పోషకులకును విన్నవింప దలచితిమి. అది పూసపాటివారి కోట.

1713వ సంవత్సరమున, విజయనామ సంవత్సర విజయదశమి మంగళవారమునాడు ఈ కోటకు పునాది పడెనని పెద్దలు చెప్పుదురు. మంగళవారమునకు జయవారమను పేరుండుటయు, ప్రభువు పేరు విజయరాముడగుటయు గలసి ఊరికి విజయనగరమను నామము కుదిరినదట. వారము మాట యెట్లున్నను, 1713లో వచ్చిన ఉగాది విజయనామమేయని గణితము చేసి చూచుకొంటిమి. ప్రక్కకు సుమారు 240 మీటర్ల చొప్పున చతురస్రమగు ప్రాకారము, నాలుగు మూలల నాలుగు బురుజులు, చుట్టును అగడ్త. శత్రువు లోనికి రాకుండుటయే ఆనాడు ఈ నేలకు గల ప్రయోజనము.

1794 జూలై 10వ తేదీన పద్మనాభ యుద్ధమున చిన విజయరామరాజు కుంపినీ సేనలచే హతుడయ్యెను. పిమ్మట కుమారుడు నారాయణబాబునకు సంస్థానము దక్కెనుగాని, అది యిదివఱకటి సంస్థానము గాదు. 1802 నాటి శాశ్వత బందోబస్తుచే 24 పరగణాలు, 1157 గ్రామములు గల జమీందారీగా స్థిరపడి, కుంపినీవారికి పేష్కస్సు చెల్లించుచుండెను. సైన్యము లేని ప్రభువునకు బురుజులతో పనియేమి? గోడలు కదలలేదు, యజమానులును మాఱలేదు. కాని కోట గృహమైనది. మూడవ విజయరామ గజపతిరాజుగారి కాలమున, 1869లో, లోపల మోతీమహలు అను దర్బారు మందిరము వెలసెను. యుద్ధభూమి కొలువుకూటమగుటకు డెబ్బదియైదేండ్లు పట్టినది.

1948లో మద్రాసు శాసనసభ చేసిన ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీ గ్రామములు ప్రభుత్వపరమయ్యెను. ఈ చట్టములోని యొక సూక్ష్మమును మనవారు గమనింపవలెను. ఎస్టేటు పరిపాలనకు కచేరీగా మాత్రమే వాడుచుండిన కట్టడము ప్రభుత్వమునకు పోవును. జమీందారుని తక్కిన కట్టడములు సొంతదారునికే నిలుచును. అనగా ఒక కట్టడమెవరిదను ప్రశ్నకు, అది దేనికి వాడబడుచున్నదను సంగతియే సమాధానమైనది.

పి.వి.జి. రాజుగారు తమ తండ్రి అలక్ నారాయణ గజపతిగారి పేరిట 1958లో మాన్సాస్ అను విద్యాసంస్థను నెలకొల్పి, 1968లో కోటను విద్యాప్రయోజనములకై దానమిచ్చిరి. కొరుకొండలోని వారి రాజభవనమున 1962లోనే సైనికపాఠశాల యారంభమైనది. పూర్వము అంతఃపుర స్త్రీలు పరదాచాటున మెలగిన ప్రాకారములోపల మహిళాకళాశాల వెలసినది. మేము ఉపాధ్యాయులమగుటచే కాబోలు, ఈ కథలో మాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమిదియే.

దాత తన స్వత్వమును విడిచి, దానిని పరునియందు నిలుపుటయే దానమని మన ధర్మశాస్త్రవేత్తలు నిర్వచించిరి. విక్రయముననుగూడ స్వత్వము మాఱును. అచట మూల్యము ముట్టుటతో అమ్మినవాని పాత్ర తీఱును. దానమున నట్లుగాదు. దాత సంకల్పము నేలను విడువక వెంబడించును. పుచ్చుకొన్నవారు పాలకులేగాని యథేచ్ఛాధికారులు గారు.

ఐనను స్వత్వమొక్కటియే రక్షణగాదు. పైడితల్లి యమ్మవారి గుడికి చేరువనున్న మూడులాంతర్ల స్తంభమును ఎవ్వరును అమ్మలేదు, కొనలేదు. అది పట్టణమందలి ప్రజలెల్లరిదియు. అట్టిదానిని 2020లో అభివృద్ధిపనుల పేరిట కూల్చివేసిరి. చౌకలో గుర్తు చెప్పుకొనుటకు మూడు తరములవారికి అదియే యాధారము. ఈ సంగతి తలచినప్పుడెల్ల మాకు కష్టము కలుగును.

విజయదశమి తరువాతి మంగళవారమున సిరిమాను ఆ గుడినుండి బయలుదేరి కోటవఱకు ముమ్మాఱు పోయి వచ్చును. కోట సైనికులదైనను, జమీందారులదైనను, విద్యార్థినులదైనను ఆ త్రోవ మాఱలేదు.

ఇక మన స్థలము. దానపత్రమును సభలో ఆద్యంతము చదివింపవలెనని కోరుచున్నాము. అందు విద్యార్థుల భోజనవసతులకని వ్రాసియున్నచో, అంగళ్లు కట్టుటకు మేము విముఖులము గాము. కాని ప్రతి రూపాయి అద్దెయు వసతిగృహపు లెక్కలోనే జమపడవలెను, ఆ లెక్కను ఏటేట సభలో చదువవలెను, స్థలమును అమ్ముటకుగాని తాకట్టు పెట్టుటకుగాని ఏ కార్యవర్గమునకును అధికారముండరాదు. ఈ మూడు నియమములను తీర్మానమున చేర్చినయెడల మా సమ్మతి కలదు. చేర్చనియెడల మా పేరును వ్యతిరేకుల పట్టికలో వ్రాసికొన ప్రార్థన.