చేదు నీళ్ళు

మూడేళ్ళ క్రితం హైదరాబాద్‌లో మా ఫ్లాట్ హాల్లో, అరవై లీటర్ల గాజు తొట్టిలో, నాలుగు చేపల్ని చంపాను. లెక్క తప్పి కాదు, లెక్క బాగా కుదిరాకే. సముద్రపు నీళ్ళలో కిలోకి 35 గ్రాముల ఉప్పు ఉంటుందని ఇంజనీరింగ్ చదవని వాళ్ళకి కూడా తెలుసు. అరవై లీటర్లకి దాదాపు రెండు కిలోల వంద గ్రాములు. చేపల షాపతను బయటి దేశం ఉప్పు డబ్బా ఒకటి చూపించి దాని ధర చెబితే, వీడు నన్ను ముంచుతున్నాడని నవ్వుకుని వచ్చేశాను. మాది టెక్కలి. పది కిలోమీటర్ల దూరంలో నౌపడ. మా ఇంట్లో ఉప్పుకి కరువా? అమ్మ పంపిన కల్లుప్పు తూచి పోశాను, కలిపాను, హైడ్రోమీటర్ ముంచాను. 1.025. పుస్తకంలో ఉన్న అంకె.

మూడో రోజు పొద్దున్నకి నాలుగూ తేలాయి. తొట్టిని నెల రోజులు ఆరగనివ్వకుండా చేపల్ని వెయ్యడం కూడా తప్పే, అదీ ఒప్పుకోవాలి. కానీ అసలు తప్పు నీళ్ళలోనే ఉంది. నాన్నకి ఫోన్ చేసి చెబితే, "ఉప్పు నీళ్ళ చేప ఉప్పు నీళ్ళల్లో సచ్చిపోడవేటిరా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే లండన్, అక్కణ్ణించి తిరిగి మళ్ళీ నౌపడ చేరాను. ఈ వ్యాసం ఆ తిరుగుడు గురించి.

లండన్ సంగతి ముందు. 1853లో అక్కడి జూలో చేపల ఇల్లు తెరిచారు. దాని వెనక పనిచేసిన వాళ్ళలో ముఖ్యుడు ఫిలిప్ హెన్రీ గాస్. మరుసటేడు అతను రాసిన 'ది అక్వేరియం' పుస్తకంతో ఇంగ్లండ్‌లో ఇంటింటా గాజు తొట్లు మొదలయ్యాయి. అయితే లండన్‌కి సముద్రం లేదు. పీపాల్లో నీళ్ళు తెప్పించుకోవాలి, ఖర్చు, శ్రమ. అప్పుడు గాస్ ఒక పని చేశాడు. బ్రైటన్ దగ్గరి సముద్రపు నీళ్ళని ష్వైట్జర్ అనే రసాయనవేత్త విశ్లేషించిన పట్టిక ముందు పెట్టుకుని నీళ్ళు తనే తయారుచేశాడు. మూడున్నర ఔన్సుల మామూలు ఉప్పు, పావు ఔన్సు ఎప్సమ్ సాల్ట్, 200 గ్రెయిన్ల మెగ్నీషియం క్లోరైడ్, 40 గ్రెయిన్ల పొటాషియం క్లోరైడ్. వీటిని నాలుగు క్వార్టులకి కాస్త తక్కువ నీళ్ళలో కలపాలి. కాల్షియంని పక్కన పెట్టేశాడు. అందులో నాచు పెరిగింది, జీవులు బతికాయి. 1854లో ఈ సంగతి పత్రికలో అచ్చయింది.

ఈ పట్టిక చూసినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది. నూట డెబ్భై ఏళ్ళ కిందట, ఇంట్లో కరెంటు లేని మనిషి నాలుగు డబ్బాలు తీశాడు. నేను ఒకటే తీశాను.

సముద్రంలో ఉన్నది 'ఉప్పు' అనే ఒక వస్తువు కాదు. కిలో నీటిలో ఉన్న ఆ 35 గ్రాముల్లో సోడియం, క్లోరైడ్ కలిపి 30 గ్రాములు. మిగిలిన అయిదు గ్రాముల్లోనే సల్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం 0.4, ఆ తర్వాత బైకార్బొనేట్, బ్రోమైడ్, ఇంకా చిల్లర. ఏ సముద్రంలోనైనా మొత్తం ఉప్పదనం పెరగొచ్చు తగ్గొచ్చు గానీ వీటి పాళ్ళు ఒకదానికొకటి దాదాపు మారవని 1819లో అలెగ్జాండర్ మార్సెట్ గమనించాడు. 1872 నుంచి 1876 దాకా ప్రపంచం చుట్టిన చాలెంజర్ ఓడ తెచ్చిన 77 నమూనాలని పరీక్షించి విలియం డిట్మార్ 1884లో దాన్ని గట్టిగా నిలబెట్టాడు. చేప మొప్పలు, రొయ్య గుల్ల, పగడం ఎముక అన్నీ ఆ పాళ్ళకే అలవాటుపడి ఉన్నాయి. నా హైడ్రోమీటర్ చూసింది నీటి బరువుని. ఆ బరువు ఎవరిదన్నది దానికి పట్టదు.

సరే, నౌపడ ఉప్పులో ఆ అయిదు గ్రాములు ఏమయ్యాయి? సముద్రపు నీళ్ళని ఎండబెట్టిందే కదా అది? ఈ ప్రశ్నతో మొన్న మార్చిలో ఊరికెళ్ళినప్పుడు ఉప్పు మళ్ళకి పోయాను. నాన్నకి తెలిసిన ఒక ఉప్పు రైతు మడి గట్టు మీద నిలబెట్టి చూపించాడు. చిన్నప్పటి నుంచీ రైల్లోంచి తెల్లటి గుట్టలు చూస్తూనే ఉన్నాను గానీ, ఎప్పుడూ దిగి చూసింది లేదు.

భావనపాడు వైపు ఉప్పుటేరు గుండా పోటుకి లోపలికొచ్చే నీళ్ళని ముందు పెద్ద మళ్ళలో పెడతారు. ఎండకి చిక్కబడ్డాక పక్క మడికి, అక్కణ్ణించి ఇంకో మడికి. సముద్రపు నీరు బామే హైడ్రోమీటర్ మీద మూడున్నర డిగ్రీలు ఉంటుంది. నీళ్ళు సగానికి ఇంకే సరికి సున్నం అడుక్కి దిగడం మొదలవుతుంది. పదమూడు డిగ్రీల దగ్గర జిప్సం దిగుతుంది. ఇరవై అయిదున్నర దగ్గర, అంటే మొదటి నీటిలో పదో వంతు మిగిలినప్పుడు, అసలు ఉప్పు పలుకు కడుతుంది. దాన్ని కడసారి మళ్ళలోనే కట్టనిస్తారు. అందుకే ఆ ఉప్పులో సున్నం, జిప్సం తక్కువ. అవి ముందు మళ్ళలోనే ఉండిపోయాయి. తర్వాత ముప్ఫై డిగ్రీలు దాటకముందే ఉప్పు లాగేసి, మిగిలిన జిడ్డు నీళ్ళని బయటికి వదిలేస్తారు. మెగ్నీషియం, పొటాషియం, బ్రోమైడ్ అన్నీ ఆ నీళ్ళతోనే పోతాయి.

"ఆ సేదు నీరు ఒగ్గీకపోతే ఉప్పు సెమ్మొచ్చేస్తాది బాబూ, వొర్షాకాలం గోనె కారిపోద్ది," అన్నాడతను. మెగ్నీషియం క్లోరైడ్ గాల్లో తేమని పీల్చుకుంటుందని నేను చదువుకున్నది ఇదే. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. వేపాకు చేదు దీని ముందు ఎంత!

అంటే ఉప్పు రైతు పనితనమంతా సముద్రంలోంచి ఒక్కదాన్ని విడదీసి మిగతావి వదిలించుకోవడంలో ఉంది. తొట్టి పెట్టుకున్నవాడి పని సరిగ్గా దీనికి తిరగేసి, అతను వదిలించుకున్నవన్నీ మళ్ళీ ఏరుకొచ్చి కలపడం. ఉప్పు ఎంత మంచిదైతే నా చేపలకి అంత చెడ్డది. ఇప్పటి ప్యాకెట్ ఉప్పు మరీను, అయొడిన్ కలిపి, గడ్డ కట్టకుండా మందు కలిపి వస్తుంది.

ఇద్దరి చేతిలోనూ ఉన్న పరికరం ఒకటే కావడం ఇంకో తమాషా. ఫ్రెంచి మందుల తయారీదారు ఆంత్వాన్ బామే 1768లో తన హైడ్రోమీటర్‌కి గీతలు పెట్టుకున్నది మామూలు ఉప్పుతోనే. మంచినీళ్ళకి సున్నా, నూటికి పదిహేను పాళ్ళ ఉప్పున్న నీళ్ళకి పదిహేను. పుట్టుకలోనే అది ఉప్పు ఒక్కటే ఉందనుకునే పరికరం.

అలా అనుకున్నది బామే ఒక్కడే కాదు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ఉప్పుని తన గుత్తసొత్తుగా చేసుకుంది. పండించినవాడు సర్కారు కొఠారుకే పొయ్యాలి. మన కొఠారు అన్న మాట వాళ్ళ రికార్డుల్లోకి ఇంగ్లీషు స్పెల్లింగు తగిలించుకుని ఎక్కింది. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం వచ్చేసరికి ఉప్పు తేలిన మట్టిని పోగుచేసుకోవడం కూడా నేరమే. ఎండాకాలంలో చిత్తడి నేల మీద దానంతటది తెల్లగా పేరుకునే దాన్ని గీక్కుంటే జవాన్లు పట్టుకునేవారు. పన్ను మణుగుల లెక్క. 1923లో ఆ పన్నుని మణుగుకి రూపాయి పావలా నుంచి రెండున్నరకి రెట్టింపు చేసి, గొడవ కావడంతో మరుసటేడు మళ్ళీ తగ్గించారు. మన్యంలోకి, జయపురం, బస్తర్ వైపుకి ఉప్పు మోసుకెళ్ళింది బంజారాల ఎద్దుల మందలు. సాలూరు కనుమ వాళ్ళ దారి. 1890ల్లో తీరం వెంట పెద్ద రైలు వచ్చింది. 1900లో పర్లాకిమిడి రాజు నౌపడ నుంచి తన ఊరికి రెండున్నర అడుగుల చిన్న రైలు వేయించుకున్నాడు. 1931కి అది గుణుపురం చేరింది. ఇప్పుడది బ్రాడ్‌గేజ్, 2011 నుంచి. నౌపడ అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు విశాఖలోకి, 1950లో శ్రీకాకుళంలోకి వచ్చింది. మళ్ళు కదల్లేదు, జిల్లాలే కదిలాయి.

సరిగ్గా ఆ రోజుల్లో, 1909లో, అదే మద్రాసు ప్రభుత్వం మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచింది. దాని వెనక ఉన్నది మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్టన్. మన కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేసిన ఆ థర్స్టనే, అదీ అదే సంవత్సరం. సముద్రం పక్కనే కనుక వాళ్ళకి నీళ్ళు కలిపే బాధ లేదు. జనం టిక్కెట్టు కొనుక్కుని బంగాళాఖాతం నీళ్ళలో చేపల్ని చూసేవారు. అదే నీళ్ళని అదే ఒడ్డున కుండలో మరిగిస్తే జైలు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బాంబులు పడతాయన్న భయంతో ఆ అక్వేరియంని మూసేశారు.

1930కి వద్దాం. నౌపడలో ఉప్పు సత్యాగ్రహం జరిగింది. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు, అందులో దిగి జైలుకెళ్ళాడు. ఇక్కడ నాకు రసాయనం వైపు నుంచి ఒక సంగతి తడుతోంది. సత్యాగ్రహులు ఊరూరా చేసింది సముద్రపు నీళ్ళు తెచ్చి పాత్రలో పోసి మరగబెట్టడం. మళ్ళు లేవు, డిగ్రీలు లేవు, చేదు నీళ్ళు వదిలేసే తీరిక అసలే లేదు. అడుగంటా ఇగిరిస్తే వచ్చేది చెమ్మగా, చేదుగా ఉండే ముద్ద. దాన్ని కూరలో వేసుకోవాలంటే ఇష్టం ఉండాలి. కానీ సముద్రంలో ఉన్నవన్నీ దాదాపుగా అందులో ఉన్నాయి. నా తొట్టికి కావాల్సిన దానికి అమ్మ పంపిన శుభ్రమైన కల్లుప్పు కన్నా ఆ నేరపు ముద్దే దగ్గర. అయినా నీళ్ళలో వేస్తే తిరిగి సముద్రం అయిపోదు. మరిగినప్పుడు సున్నంగా దిగిపోయిన కాల్షియం అంత తేలిగ్గా కరగదు. 1931 గాంధీ-ఇర్విన్ ఒడంబడికతో తీరం వాళ్ళు సొంతానికి ఉప్పు చేసుకోవచ్చన్నారు. పన్ను పూర్తిగా పోయింది 1947 ఏప్రిల్‌లో.

ఈ కాల్షియం గొడవే 'ఉప్పు సరిగ్గా కలపడం' అన్నదానికి ప్రాణం. 1960ల్లో అమెరికాలో ఇన్‌స్టంట్ ఓషన్ లాంటి పొడులు వచ్చాక గాస్ నాలుగు డబ్బాలూ ఒకే డబ్బాలోకి చేరాయి, ఆయన వదిలేసిన కాల్షియంతో సహా. డబ్బా కొన్నా కలపడం తెలియాలి. ఆర్వో నీళ్ళు ముందు పొయ్యాలి, పంపు తిరుగుతుండగా పొడిని కొంచెం కొంచెంగా వెయ్యాలి. నేను మొదటిసారి బకెట్‌లో పొడి పోసి పైన నీళ్ళు కుమ్మరించాను. అడుగున నీరు తక్కువ, లవణం ఎక్కువ అయ్యేసరికి కాల్షియం, బైకార్బొనేట్ ఒకదాన్నొకటి పట్టుకుని సున్నమై కూర్చున్నాయి. నీళ్ళు పాలలా విరిగాయి, మళ్ళీ తేరలేదు. పావు కిలో నూక మీద ఒక్కసారి మరిగే నీళ్ళు పోస్తే ఉప్మా ఉండలు కట్టదూ, అలా. ఒక రోజంతా తిరగనిచ్చి, ఇరవై అయిదు డిగ్రీల వేడి దగ్గర రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే 35 రావాలి. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్ళతో కాదు, 35 ఉన్న ద్రావణంతోనే సరిచూసుకోవాలి. తొట్టిలో నీరు ఆవిరైతే నింపాల్సింది మంచినీళ్ళు. ఉప్పు ఎక్కడికీ పోదు కదా. ఇది నౌపడ మడి చెప్పే మొదటి పాఠమే.

మరి 35 అన్నది ఎవరి సముద్రం? మనది మాత్రం ఏడాది పొడుగునా కాదు. వానాకాలం ముగిశాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డు వెంబడే మన తీరం మీదుగా దక్షిణానికి దిగుతుంది. పైపొరలో ఉప్పదనం 30కి బాగా దిగువకి జారిపోతుంది. ఫిబ్రవరి తర్వాత ప్రవాహం తిరగబడుతుంది, ఉప్పదనం పెరుగుతుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్, మన విద్యార్థులని వెంటేసుకుని విశాఖ దగ్గర ఈ మార్పుల్ని కొలిచాడు. ఉప్పు రైతుకి పట్టిక అక్కర్లేదు. అతని సాగు మొదలయ్యేది సంక్రాంతి దాటాకే.

మార్చిలో ఆ గట్టు మీద నాకు తట్టిన ఆలోచన నిజానికి కొత్తదేమీ కాదు. సముద్రానికి దూరంగా రొయ్య పిల్లల్ని పెంచే థాయ్‌లాండ్ హేచరీల వాళ్ళు ఎప్పుడో చేసిందే. వాళ్ళు ఉప్పు కొనరు, ఉప్పు మళ్ళ నుంచి చిక్కటి నీళ్ళని ట్యాంకర్లలో తెచ్చుకుని పల్చన చేసుకుంటారు. పలుకు కట్టకముందు, జిప్సం దిగకముందు పట్టుకున్న నీళ్ళలో దాదాపు అన్నీ పాళ్ళ ప్రకారమే ఉంటాయి.

ఏప్రిల్‌లో నాన్న హైదరాబాద్ వస్తూ రెండో మడి నీళ్ళు ఇరవై లీటర్ల క్యాన్‌లో రైల్లో తెచ్చారు. తొమ్మిది డిగ్రీలు. రెండున్నర రెట్లు పల్చన చేస్తే యాభై లీటర్ల సముద్రం వచ్చింది. పరీక్షిస్తే మెగ్నీషియం సరిపోయింది, బైకార్బొనేట్ మాత్రం తగ్గింది. ఆ సున్నం మొదటి మడి అడుగున ఉండిపోయిందన్నమాట. వంటసోడా చెంచాల లెక్కన, రోజుకి కొంత చొప్పున కలిపాను.

పంపు తిరుగుతుంటే నాన్న తొట్టిలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు.

"ఎక్కువైపోనాదేమోరా," అన్నారు. "కార్తీక పున్నానికి మునిగినప్పుడు నోట్లోకెళ్ళిన నీళ్ళు ఇంత ఉప్పు నేవు."