ఖల్దూన్ – ఒక అరబ్బీ పేరు చరిత్ర

శుభలేఖలో వరుని పేరునకు ముందు ‘చిరంజీవి’ అని వ్రాయుట మన ఆచారము. ఉత్తరము వ్రాయునప్పుడు కుమారుని పేరునకు ముందు ‘చి॥’ అను గుర్తునైనను చేర్చుదుము. బిడ్డ చిరకాలము బ్రతుకవలెనను కోరిక మనలో పేరునకు వెలుపల నిలిచియుండును. అరబ్బులు ఆ కోరికను పేరు లోపలనే పొదిగిరి. వారి భాషలో ‘ఖాలిద్’ అనగా శాశ్వతముగ నుండువాడు. ఈ పేరు తెలుగునాట ముస్లిము కుటుంబములలో విన్నదే. దానికి తోబుట్టువైన ‘ఖల్దూన్’ మాత్రము అరబ్బు దేశములందు సైతము అరుదుగ వినవచ్చును. ఆ పేరు ఎట్లు పుట్టినదో, ఎట్లు ఒక వంశమునకు ఇంటిపేరైనదో, తిరిగి పసిబిడ్డలకు ఎట్లు వచ్చినదో ఈ ప్రసంగమున విచారింతము.

అరబ్బీ భాషలో పదములు చాలవరకు మూడు హల్లుల మూలము నుండి పుట్టును. ఈ పేరునకు మూలము ‘ఖ–ల–ద’. నిలిచియుండుట, చెడకుండుట అని దాని భావము. శాశ్వతత్వము ‘ఖుల్ద్’. ముదిమి వచ్చినను తల నెరయనివాడు ‘ముఖల్లద్’. అన్నిటికంటె మనసునకు హత్తుకొను ప్రయోగము మరొకటి కలదు. ఎడారి తెగలు ఒకచోట గుడారములు వేసికొని కొన్నాళ్లుండి, గడ్డియు నీరును తరిగినంతనే మరొక చోటికి తరలిపోవును. గుంజలు పాతిన గుర్తులను గాలి చెరిపివేయును. ఒంటెల అడుగుజాడలను ఇసుక కప్పివేయును. వంటకు పెట్టిన పొయ్యిరాళ్లు మాత్రము ఉన్నచోటనే యుండును. ఆ రాళ్లను అరబ్బులు ‘ఖవాలిద్’ అనిరి, అనగా నిలిచిపోయినవి. మూడురాళ్ల పొయ్యి నెరిగిన మనకు ఈ మాటలోని సొంపును వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ మూలము మన దేశమునకును వచ్చినది. షేర్షా నాణెములపైనను, అక్బరు నాణెములపైనను ‘భగవంతుడు ఇతని రాజ్యమును శాశ్వతము చేయుగాక’ అను అర్థముగల అరబ్బీ ఆశీర్వచనము కనబడును. అందలి క్రియ ఈ మూలమునకు చెందినదే. 1707లో మరణించిన ఔరంగజేబునకు మరణానంతరము ‘ఖుల్ద్ మకాన్’ అను బిరుదమునిచ్చిరి. శాశ్వతధామమున వసించువాడని దాని అర్థము. ఆయన సమాధియున్న ఊరికి ఖుల్దాబాదు అను పేరు కలిగెను. 1748లో మరణించిన మొదటి నిజాము సమాధియు అచ్చటనే కలదు. 1956 వరకు ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రములోనిది. నేడు మహారాష్ట్రములో నున్నది.

ఇక మనుష్యుల పేరుల విషయమునకు వత్తము. ఒకే పేరు నుండి ముద్దు రూపమును, గౌరవ రూపమును కల్పించుట అరబ్బులకు పరిపాటి. ఖాలిద్ అను పేరునకు ముద్దు రూపము ‘ఖువైలిద్’. ప్రవక్త మహమ్మదుగారి ప్రథమ పత్ని ఖదీజా తండ్రి పేరు ఇదే. దీనికి ఎదురు దిక్కున ఏర్పడిన రూపము ఖల్దూన్. ఇది పెద్దతనమును సూచించును. క్రీ.శ. 711లో ముస్లిము సేనలు స్పెయిను దేశమున ప్రవేశించిన పిమ్మట, అచ్చట స్థిరపడిన అరబ్బు కుటుంబములలో పేరు చివర ‘ఊన్’ చేర్చు వాడుక బలపడినది. హఫ్స్ అనువాడు హఫ్సూన్ అయ్యెను. జైద్ అనువాడు జైదూన్ అయ్యెను. ఖాలిద్ అనువాడు ఖల్దూన్ అయ్యెను. మన రాముడు రామయ్య యైనట్లు, లింగడు లింగన్న యైనట్లు అని తలపవచ్చును. 9వ శతాబ్దిలో కొర్దోవా ప్రభువుల నెదిరించిన ఉమర్ బిన్ హఫ్సూన్, 11వ శతాబ్ది మహాకవి ఇబ్న్ జైదూన్ ఈ వాడుకకు సాక్షులు. స్పానిషు భాషలో పెద్దతనమును తెలుపు ‘ఓన్’ అను ప్రత్యయమే దీనికి మూలమని కొందరు పండితులును, ఇది దక్షిణ అరేబియా పలుకుబడి యని మరికొందరును తలచిరి.

దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ ప్రాంతము వాడైన ఖాలిద్ అను ఒకడు స్పెయినునకు వలసవచ్చి ఖల్దూన్ అని పిలువబడెనని ఆ వంశచరిత్ర చెప్పుచున్నది. అతని సంతతివారు మొదట కర్మోనాయందును, పిమ్మట సెవిల్లె నగరమునందును నివసించిరి. అంతట వ్యక్తి పేరు ఇంటిపేరైనది. ‘ఇబ్న్ ఖల్దూన్’ అనగా ఖల్దూన్ కుమారుడని అక్షరార్థము. ఖల్దూన్ వంశమువాడని వాడుక. 9వ శతాబ్ది చివర ఆ యింటివాడగు కురైబ్ సెవిల్లెలో అధికారమును చేజిక్కించుకొని, 899లో హతుడయ్యెను. 11వ శతాబ్దిలో అబూ ముస్లిం అనువాడు గణిత జ్యోతిశ్శాస్త్రములందు పేరొందెను. 1248లో కాస్టీలు రాజు సెవిల్లెను గెలుచుటకు మునుపే ఆ కుటుంబమువారు సముద్రము దాటి ఆఫ్రికా ఉత్తర తీరమునకు చేరి, తుదకు ట్యూనిసులో స్థిరపడిరి.

ఆ ట్యూనిసులో 1332లో పుట్టినవాడే చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్. అతనికి పెట్టిన పేరు అబ్దుర్రహమాను; లోకము అతనిని ఇంటిపేరుతోనే యెరుగును. పదునేడేండ్ల ప్రాయమున అతని తల్లిదండ్రులను మహామారి తీసికొనిపోయెను. అనేక రాజులను సేవించి, చెరసాలను కూడ చూచి, తుదకు నేటి అల్జీరియాలోని ఇబ్న్ సలామా కోటలో ఏకాంతముగ కూర్చుండి, 1377లో అయిదు నెలలలో ‘ముఖద్దిమా’ అను గ్రంథమును వ్రాసెను. 1384లో అతని కుటుంబమును కైరోకు తెచ్చుచున్న ఓడ అలెగ్జాండ్రియా చేరువలో మునిగిపోయెను. ఆ పిమ్మటను ఇరువది రెండు సంవత్సరములు అతడు జీవించెను. ఆరు పర్యాయములు మాలికీ ప్రధాన న్యాయాధిపతి యయ్యెను. 1401లో డమాస్కసు వెలుపల తైమూరును కలిసికొని సంభాషించెను.

ఇట్టివాడు తన పేరును గురించి ఏమి తలచెను? ఇది మనము గమనింపదగిన విషయము. స్వీయచరిత్రలో అతడు తన వంశావళిని చెప్పుచు, ఖల్దూన్ వరకు పదిమంది పూర్వులను పేర్కొనెను. వెంటనే ఆ లెక్కను తానే శంకించెను. నూరేండ్లకు మూడు తరముల చొప్పున చూచినచో, స్పెయిను విజయము నాటినుండి ఏడు వందల యేండ్లకు ఇరువది తరములు కావలెను. కాబట్టి పదిమంది పేరులు జారిపోయియుండవలెనని అతడు తేల్చెను. వంశగౌరవమును పెంచుకొనుటకు లేని పూర్వులను కల్పించినవారు ఏ దేశమందైనను కలరు. తన వంశవృక్షములోని లోటును లెక్కగట్టి చూపినవారు అరుదు. అంతియకాదు. ఒక వంశపు ప్రతిష్ఠ సామాన్యముగా నాలుగు తరములకు మించి నిలువదని ముఖద్దిమాలో అతడు ప్రతిపాదించెను. కష్టపడి కట్టినవాడు మొదటివాడు. కట్టుట కన్నులార చూచినవాడు రెండవవాడు. విన్నదానిని అనుకరించువాడు మూడవవాడు. గౌరవము పుట్టుకతోనే వచ్చినదని నమ్మి దానిని పోగొట్టువాడు నాలుగవవాడు. శాశ్వతత్వమును సూచించు పేరుగలవాడే ఏదియు శాశ్వతము కాదని శాస్త్రీయముగ నిరూపింప బూనెను.

1406లో అతడు కైరోలో మరణించెను. నగరపు బాబున్నస్రు ద్వారము వెలుపల అతనిని ఖననము చేసిరి. ఆ సమాధి ఎచ్చటనున్నదో నేడు గుర్తింపరాదు. గ్రంథము మాత్రము నిలిచెను. ఉస్మానియా తురుష్క పండితుడగు పీరీజాదె 1730 నాటికి దానిలో అధికభాగమును తురుష్కభాషలోనికి అనువదించెను. 1857లో కైరోలోని బూలాక్ ముద్రణాలయమునను, 1858లో పారిసునందును మూలము అచ్చుపడినది. 1917లో ఈజిప్టు దేశపు అంధ మేధావి తాహా హుసేను పారిసు విశ్వవిద్యాలయమున ఇబ్న్ ఖల్దూన్ పైననే పరిశోధన వ్యాసము సమర్పించెను. 1958లో ఫ్రాన్సు రోసెంథాల్ చేసిన సంపూర్ణ ఆంగ్లానువాదము వెలువడెను.

గ్రంథము వ్యాపించిన కొలది పేరు కూడ మేల్కొనెను. ఇందుకు మంచి ఉదాహరణము సాతి అల్ హుస్రీ. ఈయన మొదట ఉస్మానియా సామ్రాజ్యమునను, పిమ్మట ఇరాకునందును విద్యాశాఖలను తీర్చిదిద్దినవాడు. అరబ్బు జాతీయవాదమునకు సిద్ధాంతకర్త. ముఖద్దిమాపై విపులమైన పరిశీలన గ్రంథమును రచించినవాడు. 1968లో మరణించెను. ఆయన తన కుమారునకు ఖల్దూన్ అని పేరు పెట్టెను. జ్యేష్ఠపుత్రుని పేరుతో తండ్రిని పిలుచుట అరబ్బుల మర్యాద. కాబట్టి ఆయనను ‘అబూ ఖల్దూన్’ అనిరి. ఇబ్న్ ఖల్దూన్ అనగా ఖల్దూన్ సంతతివాడు. అబూ ఖల్దూన్ అనగా ఖల్దూన్ తండ్రి. వెయ్యేండ్లు పూర్వపురుషుని గుర్తుగ నున్న పేరు ఇచ్చట పసివాని పేరుగ మారినది. ఆ కుమారుడును పెరిగి చరిత్ర రచయిత యయ్యెను.

తురుష్కదేశమునను ఇట్లే జరిగెను. 1928లో ఆ దేశము లాటిను లిపిని స్వీకరించిన పిమ్మట అచ్చట ఖకారమునకు వేరు అక్షరము లేకపోయెను. ఖల్దూన్ ‘హల్దూన్’ అయ్యెను. 1915లో పుట్టి 1986లో మరణించిన హల్దూన్ తానెర్ అను నాటక రచయిత ఆ రూపమునకు ప్రసిద్ధి తెచ్చెను. సిరియా, జోర్డాను, ఇరాకు మున్నగు దేశములందు ఖల్దూన్ అను పేరు విననగును. అయినను ఖాలిద్ వలె ఇది ఇంటింటను వినబడదు.

దీనికి కారణమును ఊహించుట కష్టము కాదు. ఖాలిద్ అను పేరు వెనుక 642లో మరణించిన మహాసేనాని ఖాలిద్ బిన్ వలీద్ కీర్తియున్నది. యుద్ధగాథలు చదువురానివారి చెవికిని చేరును. ఖల్దూన్ అను పేరు వెనుక ఒక గ్రంథమున్నది. దానిని చదివినవారో, దాని గొప్ప విన్నవారో మాత్రమే ఆ పేరును కోరుకొందురు. కావున ఈ పేరు పెట్టుటలో బిడ్డ చిరకాలము బ్రతుకవలెనను కోరికతోపాటు వివేకవంతుడు కావలెనను కోరికయు కలిసియున్నది.

చక్రవర్తుల నాణెములపై ఈ మూలము రాజ్యములకు శాశ్వతత్వమును కోరినది. ఆ రాజ్యములు గతించినవి. సెవిల్లెలో ఖల్దూన్ వంశపు అధికారము గతించినది. వంశావళిలో పదిమంది పేరులు జారిపోయినవి. తరలిపోయిన బిడారు విడిచిన పొయ్యిరాళ్ల వలె ఒక పేరును ఒక పుస్తకమును మిగిలినవి. ఆ పేరును నిలిపినది రక్తసంబంధము కాదు. అయిదు నెలల ఏకాంతములో ఒక చరిత్రకారుడు చేసిన శ్రమయే.