రహీం సాబు, ఆయన జట్టు

మా పాలకీడు పూర్వం హైదరాబాదు రాజ్యపు నల్లగొండ జిల్లాలో ఉండేది. 1940ల నాటి చరిత్ర అనగానే మా ప్రాంతంవారికి సాయుధ పోరాటమే స్ఫురిస్తుంది; పోలీసు అన్న మాట వెంట భయం జ్ఞాపకం వస్తుంది. హైదరాబాదు మైదానాలలో మాత్రం అదే మాట జనం అభిమానాన్ని చూరగొన్నది. అందుకు కారకుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. యౌవనంలో ఫుట్‌బాల్ ఆడిన రహీం 1943లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. 1963 జూన్ 11న కన్నుమూసేవరకు, ఇరవై ఏళ్ళు, ఆ జట్టును విడువలేదు. బంతిని కాళ్ళ దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే అందించడం, రెండు కాళ్ళతోనూ ఆడడం ఆయన నేర్పిన పాఠాలు. అలవాటులేని కాలితోనే ఆడే పోటీలు సైతం పెట్టేవారు. ఫలితం: 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చింది.

1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం భారత జట్టుకు దక్కినప్పుడూ శిక్షకుడు ఆయనే. దేశం పిలిచినా సొంత జట్టును మరువకపోవడమే నాకు గొప్పగా తోస్తుంది.

2024లో వచ్చిన హిందీ చిత్రం మైదాన్ ప్రధానంగా జాతీయ జట్టు కథ. మిత్రులారా, పోలీసు జట్టు కథను మనమే తెలుగులో రాసుకోవాలి.