బోయీల కొండకు లిఫ్టు

బ్రెజిల్‌లోని సాల్వడార్ ఒక్క ఊరిలా ఉండదు, ఒకదాని నెత్తిన ఒకటి పెట్టిన రెండూళ్లలా ఉంటుంది. 1549లో పోర్చుగీసువాళ్లు దాన్ని కట్టినప్పుడు గవర్నరు నివాసం, చర్చిలు, పెద్దల ఇళ్లు శత్రువుకు అందకుండా కొండ అంచున పెట్టుకున్నారు. ఓడరేవు, గోదాములు, బేరసారాలు కింద సముద్రపు ఒడ్డున ఉండిపోయాయి. మధ్యలో నిట్టనిలువు కొండ.

ఇప్పుడు ఆ కొండ ఎక్కడానికి అర నిమిషం చాలు. అక్కడున్న లాసెర్డా లిఫ్టు ఎత్తు 72 మీటర్లు. దీనికన్నా ఎత్తయినవి, వేగంగా వెళ్లేవి ప్రపంచంలో చాలానే వచ్చాయి. అందం మాటకొస్తే లిస్బన్‌లో 1902 నాటి శాంటా జుస్టా ఇనుప లిఫ్టుదే పైచేయి. అయినా, జీవితంలో ఒక్క లిఫ్టు కోసమే ప్రయాణం కట్టాలంటే నేను సాల్వడార్‌కే వెళ్లమంటాను. ఎందుకంటే అది రాకముందు మూడు వందల ఏళ్లపాటు ఆ కొండను ఎక్కించింది చాలావరకు మనుషుల భుజాలే.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు ఆ ఊరి బరువంతా మోశారు. పీపాలు, మూటలు, పెట్టెలు పొడవాటి బొంగులకు వేలాడదీసి, నలుగురు, ఆరుగురు, ఎనిమిదిమంది జట్టుగా పాట అందుకుంటూ ఏటవాలు దారుల్లో అడుగు కలిపేవారు. పెద్దమనుషులు, వాళ్ల ఆడవాళ్లు తెరలు కట్టిన పల్లకీల్లో కూర్చుని పైకి పోయేవారు. బోయీలు ముందొకరు, వెనకొకరు.

ఆ హమాలీలను ‘గన్యాదోర్’ అనేవారు. వీధి మూలల్లో జట్లుగా కూర్చుని పిలుపు కోసం చూసేవారు, అచ్చం మన అడ్డా కూలీల్లాగే. ప్రతి అడ్డాకూ ఒక మేస్త్రీ ఉండేవాడు. వాళ్లలో బానిసలైనవాళ్లు వారానికి ఇంతని యజమానికి కట్టి, మిగిలిన చిల్లర కూడబెట్టుకునేవారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆ డబ్బుతో తమను తామే కొనుక్కుని విడుదలైనవాళ్లూ ఉన్నారు.

1857లో నగర పాలకులు ఒక కట్టడి పెట్టారు. ప్రతి హమాలీ పేరు నమోదు చేయించుకోవాలి, రుసుం కట్టాలి, నంబరు వేసిన లోహపు బిళ్ల మెడలో వేసుకోవాలి. విడుదలైనవాళ్లయితే పూచీదారుణ్ని కూడా చూపించాలి. ఆ జూన్‌లో హమాలీలు బొంగులు కింద పెట్టేశారు. రేవులో సరుకు రేవులోనే ఆగిపోయింది. పల్లకీలూ లేవలేదు. పాలకులు రుసుం ఎత్తేశామన్నా చాలామంది పనిలోకి రాలేదు. మెడలో బిళ్ల ఉందిగా! సమ్మె వారం దాటింది. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న దేశంలో, బానిసలు, విడుదలైనవాళ్లు కలిసి ఒక మహానగరాన్ని ఆపేసిన రోజులవి. లిఫ్టు గురించి రాసే యాత్రా పుస్తకాల్లో ఈ సంగతి కూడా ఉండాలని నా గట్టి కోరిక.

సమ్మె జరిగిన పదహారేళ్లకు, 1873 డిసెంబరు 8న, కొండ పాదాన ఉన్న మేరీమాత చర్చి పండుగ రోజున లిఫ్టు మొదలైంది. దాన్ని తలపెట్టినవాడు అంటోనియో డి లాసెర్డా. కొండరాతిని తొలిచి గోపురం లేపి, నీటి ఒత్తిడితో నడిచే యంత్రాలు బిగించారు. జనం దాన్ని ‘పరాఫుజు’ అన్నారు, అంటే మరమేకు. లాసెర్డా పేరు 1896లో వచ్చింది. 1906లో కరెంటు వచ్చింది. ఈనాడు పోస్టుకార్డుల మీద కనిపించే తెల్లటి రెండో గోపురం, దాన్ని కొండకు కలిపే వంతెన 1930 నాటివి. ఇప్పుడు నాలుగు పెట్టెలు తిరుగుతాయి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, సంతకు వెళ్లేవాళ్లు రోజూ వాటిలోనే ఎక్కి దిగుతారు.

బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది 1888లో. అంటే లిఫ్టు వచ్చాక కూడా పదిహేనేళ్లు ఆ ఊళ్లో మనిషికి మనిషి సొత్తుగానే ఉన్నాడు.

పైన వంతెన మీంచి సర్వపునీత అఖాతం నీలంగా పరుచుకుని కనిపిస్తుంది. ఫొటోలన్నీ అక్కడే తీస్తారు, తీయదగినదే. కానీ ఎక్కే ముందు కింద రోడ్డు దాటి, మొదెలో మార్కెట్ దగ్గర కాసేపు ఆగండి. లేసులు, డోళ్లు, జీడిపప్పు అమ్మే ఆ కట్టడం 1861లో సుంకాల కార్యాలయంగా కట్టినది. ఓడల్లో వచ్చిన సరుకు లెక్క చూసి హమాలీల భుజాలకెత్తింది ఆ చుట్టుపక్కలే. ఆ గుమ్మంలో నిలబడి, లిఫ్టును కాదు, దాని వెనకున్న కొండను తలెత్తి చూడండి.