మార్లవాయి నుంచి డిగ్రీ పట్టా దాకా

మన గూడేల్లో ఈ రోజు టీచర్లున్నారు, నర్సులున్నారు, ఇంజినీర్లున్నారు, పోలీసు ఉద్యోగులున్నారు. వీళ్లలో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులు. వాళ్లను చూసి "పట్టుదలతో చదివారు" అని మెచ్చుకుంటాం. నిజమే. కానీ పట్టుదల ఒక్కటే సరిపోయేదైతే మన తాతలే డిగ్రీలు చదివేవారు. వాళ్లకు పట్టుదల తక్కువా? తక్కువైంది దారి చూపే మనిషి. మనవాళ్ల చదువు ముందుకు సాగిన ప్రతి దశలోనూ, ఒక అడుగు ముందు నడిచినవాళ్లు వెనక్కి తిరిగి చెయ్యి అందించారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సంచికలో మేము మీకు చెప్పాలనుకున్న చరిత్ర అదే.

మనవాళ్లే పంతుళ్లయిన బడి

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగారు. ఆ తర్వాత ఆదిలాబాద్ ఆదివాసుల కష్టాలేమిటో తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు. భూమి సమస్యతోపాటు చదువు సమస్యా వాళ్ల కంటబడింది. అక్షరం రాని మనిషిని షావుకారు కాగితం మోసం చేస్తోంది, పట్వారీ కాగితం మోసం చేస్తోంది.

బయటి నుంచి పంతుళ్లను పంపితే వాళ్లు అడవిలో ఉండరు. ఉన్నా పిల్లల మాట వాళ్లకు అర్థం కాదు. అందుకే 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. కొద్దోగొప్పో చదవడం వచ్చిన గోండు యువకులను తీసుకుని వాళ్లనే పంతుళ్లుగా తయారుచేశారు. గోండి మాటలను దేవనాగరి లిపిలో అచ్చువేసి వాచకాలు తెచ్చారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు పక్క గూడేలకు వెళ్లి బడులు నడిపారు. తన భాషలో, తన ఇంటి మనిషిలాంటివాడు పాఠం చెబితే పిల్లవాడు బడికి భయపడడు. తల్లిదండ్రులకూ "వీడిలా మావాడూ కావచ్చు" అన్న ఆశ కలుగుతుంది. తర్వాతి కాలంలో రాజ్యం మారింది, బడి భాష మారింది, గోండి వాచకాలు మూలన పడ్డాయి. కానీ అప్పుడు వెలిగిన దీపం పూర్తిగా ఆరిపోలేదు.

అదే మార్లవాయి నుంచి కనక రాజు గారు గుస్సాడీ నృత్య గురువుగా దేశమంతటికీ తెలిశారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. గుస్సాడీ ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. పెద్దవాళ్ల పక్కన నిలబడి, వాళ్ల అడుగులో అడుగు వేసి నేర్చుకున్నారు. నేడు పట్నాల్లో 'మెంటర్' అనే మాట వినిపిస్తోంది. మాట కొత్తదే కానీ పని మనకు పాతదే.

నూటికి నలుగురి నుంచి

1961 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల్లో అక్షరాస్యులు నూటికి నలుగురే. 1991 నాటికి 17 మంది, 2001 నాటికి 37 మంది, 2011 నాటికి 49 మంది. చివరి ఇరవై ఏళ్లలో వేగం పెరిగింది. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, ఐటీడీఏలు, గురుకులాలు, ఉపకార వేతనాలు లేకుండా ఇది జరిగేది కాదు. అయినా 2011లో రాష్ట్రం మొత్తం మీద అక్షరాస్యులు నూటికి 67 మంది. మనం ఇంకా ఎంత వెనుక ఉన్నామో ఆ తేడాయే చెబుతుంది.

2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. మార్లవాయిలో జరిగిన ప్రయత్నం మళ్లీ పెద్ద ఎత్తున జరిగినట్లయింది. అక్క టీచర్ అయితే ఆమె వాడలోని ఆడపిల్లలు పదో తరగతి దాటారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలకు షరతులతో రక్షణ ఇచ్చినా, రాబోయే తరానికి ఆ దారి మూసుకుపోయింది. అందుకే మిగిలిన దారులు మనకు మరింత విలువైనవి.

కాలేజీ గేటు దాటాక

పదో తరగతి వరకు పిల్లలకు హాస్టల్ గంట ఉంటుంది, వార్డెన్ ఉంటాడు. ఇంటర్ తర్వాత ఎవరి దారి వారిదే. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టాలి. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయకపోతే అది పోతుంది. కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, ఆధార్‌తో కలిసిన బ్యాంకు ఖాతా, ఈపాస్ దరఖాస్తు, హాజరు శాతం, వీటిలో ఏది తప్పినా స్కాలర్‌షిప్ ఆగుతుంది. చదువుకున్న ఇంట్లో ఇవన్నీ నాన్నో అక్కో చూసుకుంటారు. మన ఇళ్లలో అడగడానికి మనిషి ఉండడు.

పిల్లలు ఇంటికి తిరిగొచ్చేది చదువు రాక కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠం ముందు మూగబోతారు. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోతే జీవితమే పోయిందనుకుంటారు. మాట తీరు చూసి తోటివాళ్లు నవ్వితే వెనక బెంచీకి వెళ్లిపోతారు. పత్తి ఏరే రోజులొస్తే ఇంట్లో మనిషి అవసరం పడుతుంది. పండక్కి వచ్చినవాళ్లు మళ్లీ బస్సెక్కరు.

ఇక్కడే సీనియర్ అన్న, అక్క అవసరం. మన యువకులు నడుపుతున్న మార్గదర్శనంలో జరిగే పని చాలా మామూలుది. ఫారం దగ్గర కూర్చుని నింపిస్తారు. "బ్యాక్‌లాగ్ నాకూ ఉండేది, సప్లిమెంటరీలో రాసేశా" అని చెబుతారు. వారానికోసారి ఫోన్ చేస్తారు. ఊరికొచ్చినప్పుడు తల్లిదండ్రుల దగ్గర కూర్చుని, ఇంకో ఏడాది ఓపిక పట్టమని వాళ్ల భాషలోనే చెబుతారు. ఆ ఒక్క మాటతో ఆగిన పెళ్లిళ్లున్నాయి, ఆగని చదువులున్నాయి. అలా పట్టా అందుకున్నవాళ్లు ఇప్పుడు తమ వెనకవాళ్లకు ఫోన్ చేస్తున్నారు. మా లెక్కలో అసలు విజయం అదే.

మార్గదర్శి స్కాలర్‌షిప్‌కు బదులు కాడు. ఫీజులు, హాస్టళ్లు ప్రభుత్వ బాధ్యత, వాటిని అడిగి తీసుకోవాల్సిందే. కానీ వచ్చిన హక్కు గూడెం దాకా చేరాలంటే మనిషి కావాలి.

మీ వంతు

కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి గూడేల్లో తొలి డిగ్రీ కోసం ఇంకా ఎదురుచూస్తున్నవి ఉన్నాయి. మీలో కాలేజీలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక జూనియర్ పేరు రాసుకోండి. మీ తెగ కాకపోయినా, మీ మండలం కాకపోయినా ఫర్వాలేదు. అడ్మిషన్ల కాలంలో ఒక రోజు, పరీక్షల ముందు ఒక రోజు, నెలకు నాలుగు ఫోన్లు, అంతకంటే ఎక్కువ అడగడం లేదు. ఇంటర్ చదువుతున్నవాళ్లు మొహమాటపడకుండా అడగండి. అడగడం చిన్నతనం కాదు.

1943లో మార్లవాయిలో పలక పట్టిన ఆ యువకులకు వచ్చిన చదువు కొంచెమే. ఆ కొంచెమే పక్క గూడేనికి మోసుకెళ్లారు. మీ దగ్గర అంతకంటే ఎంతో ఎక్కువ ఉంది.

జై ఆదివాసీ!