ప్రతిపక్షుల నామసామ్యము

ఇరుపక్షములవారు పోరాడు కథను నిర్మించు కవికి నామకరణము సామాన్యకార్యము గాదు. పేరులు మిక్కిలి పోలినచో శ్రోత తడఁబడును. బొత్తిగాఁ బోలకున్నచోఁ బోరాడువారికిఁ గల చుట్టఱికము మఱుఁగుపడును. మన యితిహాసపురాణములలో నీ రెంటికి నడుమ నొక పద్ధతి యేర్పడియున్నది. ఒకే ధాతువునుండి గాని, యొకే యుపసర్గముతోఁ గాని, యొకే తద్ధితప్రత్యయముతోఁ గాని ప్రతిపక్షుల పేరులు పుట్టుట యా పద్ధతి. దీనిని గమనింపకపోవుటచేత భారతవ్యాఖ్యానమునఁ గొన్ని పొరపాటులు పాదుకొన్నవి.

వానిలో ముఖ్యమైనది దుర్యోధనుని పేరునకు సంబంధించినది. అతని నిజనామము సుయోధనుఁడే యనియు, శత్రువులు 'సు' తీసివైచి 'దుర్' చేర్చి యపకీర్తిపాలు చేసిరనియు నొక వాడుక లోకమునఁ గలదు. మఱికొందఱు దుష్టుఁడు గావున నా పేరతనికిఁ దగినదే యందురు. ఈ రెండభిప్రాయములును బరస్పరవిరుద్ధములుగాఁ గన్పట్టినను వీనికి మూలమొక్కటే: 'దుర్' అనఁగాఁ జెడ్డ యనుట. ఆ మూలము నిలుచునా యని విచారింపవలసియున్నది. ఇది వట్టి శబ్దచర్చ గాదు. ధార్తరాష్ట్రులు పుట్టుకతోడనే దుష్టులని పేరులయందు ముద్రవేయఁబడిరా, లేక తమ నడవడిచేతఁ జెడిరా యను ప్రశ్న దీనితో ముడిపడియున్నది.

మొదట సమూహనామములను జూతము. సురాసురులనునది ప్రసిద్ధమైన జంట. సురలు కానివారసురులని సామాన్యముగాఁ జెప్పుదురు. రామాయణ బాలకాండమున నమృతమథనకథయందు వారుణిని గైకొన్నవారు సురలనియు, గైకొననివారసురులనియు నిర్వచనము గలదు. కాని ఋగ్వేదమున 'అసుర' శబ్దము వరుణుఁడు మొదలగు దేవతలకే గౌరవవాచకముగాఁ బెక్కుచోటులఁ గానవచ్చుచున్నది. పారసీకుల యవెస్తాలో దీని సజాతీయమైన 'అహుర' శబ్దము పరమేశ్వరవాచకము. 'దేవ' శబ్దమునకు సజాతీయమైన 'దఏవ' శబ్దమే యచట దుష్టశక్తులకుఁ జెల్లినది. కాఁబట్టి 'అసుర' శబ్దమున మొదటి యకారము నిషేధార్థకము గాదు. తరువాతి కాలమువారు దానిని నిషేధముగా భావించి, యా యకారమును దొలఁగించి 'సుర' శబ్దమును గల్పించుకొనిరని శబ్దశాస్త్రజ్ఞుల నిర్ణయము. అనఁగా నిచట శత్రువుల పేరే మొదటిది. దానికి జోడుగా దేవతల పేరు పుట్టినది.

ఆదిత్యదైత్యుల విషయమున నిదే పద్ధతి తలక్రిందుగా జరిగినది. ఋగ్వేదమున నదితి మహామహిమ గల దేవత. దితి ప్రసక్తి మిక్కిలి యరుదు. అదితికిఁ బ్రతిగా దితియు, నాదిత్యులకుఁ బ్రతిగా దైత్యులును బిమ్మటఁ బెరిఁగిరి. పురాణములందు వీరిరువురును గశ్యపుని భార్యలు. వారి బిడ్డలు సవతితల్లుల బిడ్డలు. పేరులయందలి పొందికయే చుట్టఱికమును దెలుపుచున్నది. ఒక్క యక్షరము మాత్రమే భేదముగా నుండుట, యొక్క తండ్రికిఁ బుట్టినవారి నడుమఁ బుట్టిన వైరమునకుఁ దగిన గుఱుతు.

భారతమునఁ గౌరవపాండవశబ్దములు రెండును దద్ధితాంతములే. అయినను నవి సమానస్థానముననున్నవి గావు. పాండవులనునది తండ్రి పేరునుండి వచ్చినది. దానికి సరియైన జోడు ధార్తరాష్ట్రులనునది. కౌరవులనునది వంశకర్తయగు కురుని పేరునుండి వచ్చినది గావునఁ బాండవులకును జెల్లును. భగవద్గీతలో నర్జునుఁడు కురునందనుఁడనియుఁ, గురుశ్రేష్ఠుఁడనియు సంబోధింపఁబడినాఁడు. దుర్యోధనుని పక్షమువారచటనే ధార్తరాష్ట్రులనఁబడిరి. అయినను వాడుకలో వంశనామమొక పక్షమునకే చిక్కినది. హస్తినాపురమునఁ గూర్చున్నవారు వంశనామమును దమదిగాఁ జేసికొనఁగా, వెడలఁగొట్టఁబడినవారికిఁ దండ్రి పేరే మిగిలినది. రాజ్యమునకై జరిగిన తగవు పేరులయందును జరిగినదని చెప్పవచ్చును.

ఇఁక వ్యక్తినామములు. యుధిష్ఠిరుఁడు, దుర్యోధనుఁడు, యుయుత్సుఁడు అను మూఁడు పేరులును 'యుధ్' ధాతువునుండి పుట్టినవే. యుద్ధమున స్థిరముగా నిలుచువాఁడు యుధిష్ఠిరుఁడు. ఈ పేరునందలి షకారమునకై పాణిని యష్టమాధ్యాయమునఁ బ్రత్యేకసూత్రమునే చేసెను. ఎవనితోఁ బోరుట కష్టమో వాఁడు దుర్యోధనుఁడు. పోరఁగోరువాఁడు యుయుత్సుఁడు. పెదతండ్రి పినతండ్రి బిడ్డలలో జ్యేష్ఠులిరువురకు నొకే ధాతువుచేఁ బేరులేర్పడుట గమనింపఁదగినది. ధృతరాష్ట్రునకు వైశ్యస్త్రీయందుఁ బుట్టిన యుయుత్సుఁడు యుద్ధారంభమునఁ గౌరవపక్షమును విడిచి పాండవులఁ జేరెను; మహాప్రస్థానసమయమునఁ బరీక్షిత్తు రాజ్యమును గాపాడు భారమతనిపై నుంచఁబడెను. కావున నీ ధాతువొక పక్షమునకుఁ జెందినది గాదు, వంశమునకుఁ జెందినది.

'దుస్' అను నుపసర్గమునకు వ్యాకరణము చెప్పునది చూతము. పాణిని తృతీయాధ్యాయ తృతీయపాదమునఁ గష్టార్థమున 'దుస్' ఉపపదముగాను, సులభార్థమున 'సు' మొదలగునవి యుపపదములుగాను ఉండఁగా ఖల్ ప్రత్యయమును విధించెను. ఆ ప్రకరణమునందే వార్తికమొకటి భాషయందు శాస్, యుధ్, దృశ్, ధృష్, మృష్ ధాతువులపై యుచ్ ప్రత్యయమును జెప్పుచున్నది. దీనికిఁ గాశికాదివ్యాఖ్యానములిచ్చు నుదాహరణములు దుశ్శాసనుఁడు, దుర్యోధనుఁడు, దుర్ధర్షణుఁడు, దుర్మర్షణుఁడు మున్నగునవి. వైయాకరణులు ధార్తరాష్ట్రుల పేరులనే యుదాహరణములుగాఁ గొనిరన్నమాట. ఆ ప్రకారము శాసించుట కష్టమైనవాఁడు దుశ్శాసనుఁడు. సహింప శక్యము గాని పరాక్రమము గలవాఁడు దుర్మర్షణుఁడు. 'చెడ్డగా శాసించువాఁడు', 'చెడ్డగాఁ బోరువాఁడు' అను నర్థములకు శాస్త్రమున నిచట నవకాశము లేదు. ఇవి క్షత్రియుఁడు తన కొడుకునకు గర్వముతోఁ బెట్టుకొనఁదగిన పేరులు.

ఈ యర్థమునకు భారతమే సాక్ష్యము. ఆనుశాసనికపర్వమునందలి విష్ణుసహస్రనామములలో దుర్జయుఁడు, దుర్లభుఁడు, దుర్గముఁడు, దురాధర్షుఁడు, దుర్మర్షణుఁడు అను నామములు గలవు. వీనిలో దుర్మర్షణనామము ధృతరాష్ట్రపుత్రులలో నొకనిది; ద్రోణపర్వమున భీమునిచేఁ జచ్చిన దుర్జయుఁడును ధృతరాష్ట్రపుత్రుఁడే. భగవంతునియెడ స్తుతియైన శబ్దము కురుకుమారునియెడ నింద యెట్లగును? తెలుఁగుదేశమున దుర్జయనామము వంశకీర్తికే యుపయోగపడినది. కాకతీయులు తాము దుర్జయవంశ్యులమని శాసనములందుఁ జెప్పికొనిరి.

నూర్గురి పట్టిక యాదిపర్వమున రెండుమాఱులు వచ్చును. వ్రాతప్రతులఁబట్టి పేరులు కొంత మాఱును. అందు 'దుస్' మొదలుగాఁ గల పేరులు పదింటికిఁ దక్కువ గావు. కాని సుబాహుఁడు, సునాభుఁడు, సుషేణుఁడు మొదలగు 'సు' శబ్దపూర్వకములును నందే యున్నవి. భీమవేగుఁడు, భీమబలుఁడు అను పేరులును గలవు. భీమునిచేఁ జావవలసినవారిలో భీమశబ్దముతోడి పేరు గలవారుండుట వింతగాఁ దోఁచును. కాని భయంకరత్వము వీరలక్షణమను భావము రెండిండ్లలో నొకటియే యగుటచే నది సహజమే. నూర్గురకు నొక్కతెయే యగు చెల్లెలు దుస్సల. నూర్గురన్నల నడుమఁ బుట్టిన యాడుబిడ్డకుఁ దండ్రి నిందానామము పెట్టెననుట నమ్మఁదగినది గాదు. అశ్వమేధసందర్భమున నామె మనుమనితోఁ గూడ సైంధవులపక్షమున నర్జునునెదుటికి రాఁగా నతఁడు పోరు మానెను.

దీనికొక యాక్షేపము కలదు. దుర్ముఖుఁడు, దుష్కర్ణుఁడు మొదలగు పేరులు ఖలర్థకములు గావు, బహువ్రీహులు. అందు 'దుస్' వికృతత్వమునే తెలుపునని చెప్పవచ్చును. నిజమే. కాని పేరు వికృతముగా నున్నంతమాత్రమున నది శత్రువులు పెట్టినదని గాని, దుష్టత్వసూచకమని గాని యేర్పడదు. ఐతరేయబ్రాహ్మణమున దిగ్విజయము చేసిన రాజుగాఁ గీర్తింపఁబడిన పాంచాలునకు దుర్ముఖుఁడనియే పేరు. దుర్వాసుఁడు మహర్షి. ధార్తరాష్ట్రులలోనే వికర్ణుఁడు సభయందు ద్రౌపదిపక్షమున న్యాయము పలికెను. రామాయణమున విభీషణుఁడు భయంకరుఁడను నర్థముగల పేరు గలిగియు ధర్మపక్షముననున్నాఁడు. దశగ్రీవుని శత్రువుతోఁ జెలిమి చేసినవాఁడు సుగ్రీవుఁడు. ఇచటను గ్రీవాశబ్దమే రెండు పక్షములనుం గలుపుచున్నది.

మఱి సుయోధనశబ్దమెట్లు వచ్చినది? దీనికి ఛందస్సొక కారణము చెప్పుచున్నది. అనుష్టుప్పున సమపాదములయందయిదవ యక్షరము లఘువు, ఆఱవది గురువు, ఏడవది లఘువు కావలెను. పాదాంతమున సుయోధనశబ్దము సరిగా నిముడును. మొదట గురువుగల దుర్యోధనశబ్దమిమడదు. వంశస్థవృత్తపాదాంతమునందును నిదే స్థితి. 634వ సంవత్సరపు ఐహొళె శాసనమునఁ బేర్కొనఁబడిన భారవి కిరాతార్జునీయ ప్రథమసర్గమున యుధిష్ఠిరుని చారుని నోటఁ బాదాంతమున సుయోధనశబ్దమునే పలికించెను. శత్రువుల చారుఁడు శత్రురాజుతోడనే సుయోధనుఁడని చెప్పుచుండఁగా, శత్రువులు 'దుర్' చేర్చిరను కథ నిలువదు. తెలుఁగుపద్యమునందును యతిస్థానమున దకార సకారములకు మైత్రి లేదు గావునఁ గవికి రెండు రూపములును నుపయోగకరములే. పైఁగా ఖలర్థముననే 'సు' శబ్దమును గ్రహించినచో సుయోధనుఁడనఁగా సులభముగాఁ బోరఁదగినవాఁడని యర్థము వచ్చును. పాండవుల నోట నది తేలికపఱచు మాటయు నగును. మంచి యోధుఁడను నర్థమును సాధువే. ఏ విధముగాఁ జూచినను స్తుతినిందలు లోకమనుకొన్న చోట లేవు.

పేరులు పోలుటయే గాక యొక్కటే యగుటచేఁ గలిగిన చిక్కులను గూడ భారతకవి యెఱుఁగును. శంతనుని కొడుకు చిత్రాంగదుఁడు, చిత్రాంగదుఁడనియే పేరుగల గంధర్వునితోఁ గురుక్షేత్రమున మూఁడేండ్లు పోరి చచ్చెను. కొన్ని వ్రాతప్రతులలో గంధర్వుఁడు నామసామ్యమునే కలహకారణముగాఁ జెప్పి, పోరుమనియో పేరు మార్చుకొనుమనియో కోరును. పౌండ్రకుఁడు తానే వాసుదేవుఁడనని శ్రీకృష్ణునకు దూతను బంపి, యా పేరునకై ప్రాణము గోల్పోయిన కథ భాగవత దశమస్కంధమునఁ గలదు. ద్రోణపర్వమున భీముఁడు తమ సేనలోనిదే యగు మాళవరాజు నేనుఁగును జంపెను. దాని పేరశ్వత్థామ యగుట ద్రోణుని చావునకుఁ గారణమయ్యెను. మొదటి రెండు కథలలోఁ బేరు తగవునకు విషయము; మూఁడవదానిలోఁ బేరే యాయుధము. నామములను నిట్లు కథాంగములుగా వాడఁగల కవి ధార్తరాష్ట్రుల పేరులను వట్టి తిట్లుగాఁ గూర్చెననుట యుక్తము గాదు.

కావున భారతమున నిరుపక్షముల పేరులును నొకే క్షత్రియసంప్రదాయమున నొకే యచ్చునఁ బోయఁబడినవి. అజ్ఞాతవాసమునఁ బాండవులు తమలోఁ దాము పెట్టుకొన్న జయుఁడు, జయంతుఁడు, విజయుఁడు, జయత్సేనుఁడు, జయద్బలుఁడు అను గుప్తనామములు జయము నెంత కోరుచున్నవో, దుర్యోధనాదినామములు నంతే కోరుచున్నవి. బాలురకు భారతము చెప్పునపుడు 'దుర్' అనఁగాఁ జెడ్డ యని యొక్క మాటతో ముగించుట కథలోని దుఃఖమును దొలఁగించుటయే యగును. దుష్టుఁడుగాఁ బుట్టి, దుష్టుఁడని పేరు పొందినవాఁడు నశించుటలో విచారింపవలసినది లేదు. దుర్జయుఁడు కావలెనని తండ్రి కోరిన కొడుకు, విదురుని మాటను, తల్లి మాటను, శ్రీకృష్ణుని మాటను గాదని, యెవరికిని లొంగని యా గుణముచేతనే నశించుటలో విచారమున్నది. పేరు సద్గుణముగాఁ జెప్పినదే ప్రమాణము తప్పి యపరాధమైనది. వ్యాకరణము చెప్పిన యర్థముతోఁ జదివినచో నా పేరు తిట్టు గాదు. అతని చరిత్రకుఁ బీఠిక.